శంషాబాద్–విశాఖ: ఆ 38 నిమిషాలు ఎక్కడివి?

సంపాదకులకు,

అయ్యా,

మీ పత్రిక ఆదివారం సంచికలో ప్రయాణికుల కోసం కేటాయించిన పేజీలో కొన్ని వారాలుగా నగరాల మధ్య విమాన దూరాన్నీ ప్రయాణ సమయాన్నీ చూపే పట్టిక ఒకటి వస్తోంది. అందులో హైదరాబాద్–విశాఖపట్నం వరుసకు ఎదురుగా దూరం 512 కిలోమీటర్లనీ, సమయం 38 నిమిషాలనీ వేశారు. దూరం సరిగానే ఉంది. సమయమే, ఏ ప్రయాణికుల విమానమూ ఆ దారిలో ఏనాడూ తీసుకోని సమయం. అచ్చుతప్పేమో, వచ్చే వారం సరిదిద్దుతారులే అని మొదట ఊరుకున్నాను. మరుసటి ఆదివారమూ అదే అంకె కనబడింది. ఈలోగా దాన్ని నమ్మి మా ఇంట్లోనే ఒకరు మేనకోడలి పెళ్లి ముహూర్తానికి అందకుండా పోయారు. ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి గనుక, ఆ 38 ఎలా పుట్టిందో, దాని చోట ఏముండాలో వివరంగా రాయడం నా బాధ్యత అనుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగైనందుకు మన్నించాలి.

ముందు దూరం సంగతి. విమాన దూరమంటే విమానం తిరిగిన దూరం కాదు. భూగోళం మీద రెండు విమానాశ్రయాలను కలుపుతూ దారం బిగించి పట్టుకుంటే ఆ దారం పొడవెంతో అదే విమాన దూరం. దీనికి కంప్యూటరు అక్కర్లేదు. పెళ్లి శుభలేఖ వెనకవైపు పెన్సిల్‌తో వేసి చూశాను. శంషాబాద్ విమానాశ్రయం దాదాపు 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, విశాఖ విమానాశ్రయం 83.22 డిగ్రీల మీద ఉంది. తేడా 4.79 డిగ్రీలు. భూమధ్యరేఖ దగ్గర ఒక్కో రేఖాంశ డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లు వస్తుంది గానీ, ఉత్తరానికి వచ్చేకొద్దీ రేఖాంశాలు దగ్గరపడతాయి కనుక, మనం ఉన్న పదిహేడున్నర డిగ్రీల అక్షాంశం దగ్గర అది 106కు తగ్గుతుంది. ఆ లెక్కన తూర్పుకు 509 కిలోమీటర్లు. విశాఖ విమానాశ్రయం శంషాబాద్ కంటే దాదాపు అర డిగ్రీ ఉత్తరాన ఉంది కాబట్టి అటు మరో 53 కిలోమీటర్లు. ఈ రెంటినీ లంబకోణ త్రిభుజానికి రెండు భుజాలుగా తీసుకుంటే కర్ణం 512 వచ్చి కూర్చుంటుంది. ఇంత చిన్న దూరానికి భూమి గుండ్రదనం వల్ల వచ్చే తేడా పట్టించుకోదగ్గది కాదు. అదే 4.79 డిగ్రీల తేడా వల్ల విశాఖలో సూర్యుడు హైదరాబాద్ కంటే సుమారు 19 నిమిషాలు ముందు ఉదయిస్తాడు. ముహూర్తం పెట్టే సిద్ధాంతి గారు ఏ ఊళ్లో పెళ్లో అడిగిగాని లగ్నం కట్టరు. మీ పట్టిక మాత్రం ఏ విమానాశ్రయమో చెప్పకుండానే నిమిషాలు వేసింది.

ఇక సమయం. పట్టికలోని వరుసలన్నీ నేను లెక్కగట్టి చూశాను. ప్రతిచోటా దూరాన్ని గంటకు 800 కిలోమీటర్ల వేగంతో భాగించి, వచ్చిన అంకెను నేరుగా అచ్చేశారు. 512ను 800తో భాగిస్తే గంటలో 64 శాతం, అంటే 38 నిమిషాల పైచిలుకు. భాగహారంలో తప్పేమీ లేదు. విమానం శంషాబాద్ గేటు దగ్గర నిల్చున్న క్షణం నుంచి విశాఖ గేటు దగ్గర ఆగే క్షణం దాకా 800 కిలోమీటర్ల వేగంతోనే పోతుందని ఒప్పుకుంటేనే అది సరైన జవాబు. సికింద్రాబాద్–విశాఖ వందే భారత్‌కు 2023 జనవరి 15న పచ్చజెండా ఊపినప్పుడు, అది గంటకు 160 కిలోమీటర్లు పరుగెత్తగల బండి కదా అని దాదాపు 700 కిలోమీటర్ల పట్టాలను 160తో భాగించి "నాలుగు గంటల ఇరవై నిమిషాల్లో విశాఖ" అని ఎవరైనా రాశారా? ఎనిమిదిన్నర గంటలు అనే రాశారు. రైలు విషయంలో మనకున్న ఇంగితం విమానం విషయంలో ఎందుకు జారిపోతుందో నాకు అర్థం కాదు.

జెట్ విమానం 800 వేగాన్ని అందుకునేది పైకి వెళ్లాకే. పదివేల అడుగుల ఎత్తు లోపల 250 నాట్లకు, అంటే గంటకు 463 కిలోమీటర్లకు మించి వేగం చూపకూడదన్నది సాధారణ నియమం. ముప్పై వేల అడుగుల పైకి చేరడానికి సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది. దిగడమూ ఒక్కసారిగా జరగదు. వెయ్యి అడుగులు దిగడానికి మూడు నాటికల్ మైళ్లు కావాలన్నది పైలట్లు నోటిలెక్కగా వాడే సూత్రం. దాని ప్రకారం 33 వేల అడుగుల నుంచి దిగాలంటే నూరు మైళ్ల ముందే, మన కొలతలో 185 కిలోమీటర్ల దూరంలోనే మొదలుపెట్టాలి. శంషాబాద్ నుంచి విశాఖకు వచ్చే విమానం రాజమహేంద్రవరానికి చేరువ కాకముందే దిగడానికి సిద్ధపడుతుందన్నమాట. ఎక్కడానికీ దిగడానికీ పోను, నిలకడగా ఆ పైవేగంతో పోయేది మొత్తం దూరంలో నాలుగో వంతు ఉంటే గొప్ప. మంచినీళ్ల సీసా అందించి వెళ్లిన సిబ్బంది ఖాళీ సీసాలు ఏరుకునేలోపే సీట్లు నిటారుగా పెట్టమనే ప్రకటన ఎందుకు వస్తుందో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

పైగా విమానం ఆ బిగించిన దారం వెంట పోదు. బయల్దేరేటప్పుడు రన్‌వే ఏ దిక్కుకు ఉంటే ఆ దిక్కుకు ఎగిరి, నిర్ణీత మార్గంలో మలుపు తిరిగి, ఆకాశంలో తనకు కేటాయించిన దారి పట్టుకుంటుంది. విశాఖ దగ్గర ఈ ముచ్చట మరీ ఎక్కువ. అక్కడి విమానాశ్రయం నావికాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగా స్థావరం. పౌర విమానాలు అందులో ఒక పక్కన జాగా పంచుకుంటున్నాయి. చుట్టూ కొండలు. పడమటి నుంచి వచ్చిన విమానం చాలాసార్లు ఊరు దాటి సముద్రం మీదికి పోయి, వెనక్కి తిరిగి, తూర్పు వైపు నుంచి దిగుతుంది. కిటికీ పక్కన కూర్చున్నవారికి ముందు ఊరంతా కనబడి, ఆ వెంటనే లంగరు వేసిన ఓడలు కనబడి, "ఇదేమిటి, దాటిపోయామా" అనిపించేది అందుకే. ఆ సముద్ర విహారం కొన్ని నిమిషాలు తింటుంది. పట్టికకు అది పట్టదు.

విమాన సంస్థలు టికెట్ మీద వేసే సమయం మరొకటి. చక్రాలకు పెట్టిన అడ్డుదిమ్మలు తీసి విమానం కదిలిన క్షణం నుంచి, అవతలి విమానాశ్రయంలో మళ్లీ అడ్డుదిమ్మలు పెట్టే క్షణం వరకు లెక్కగడతారు. ఆ రంగంలో దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా నేలమీద దొర్లడం, వరుసలో ముందున్న విమానాల కోసం ఆగడం, దిగాక గేటు దాకా రావడం అన్నీ ఇందులో కలుస్తాయి. ఆలస్యమైందన్న మాట పడకుండా కొన్ని నిమిషాలు అదనంగా కలుపుకునే అలవాటూ ఉంది. శంషాబాద్–విశాఖకు జెట్ విమానాల టికెట్ల మీద ఈ సమయం సాధారణంగా గంటా పది నుంచి గంటా ఇరవై అయిదు నిమిషాల మధ్య ఉంటుంది. అంటే మీ 38కి ఇది రెట్టింపు.

ఇక్కడ లెక్కల మాస్టారి బుద్ధి కొంచెం చూపించుకోనివ్వండి. మీ పట్టికలోని మరో రెండు వరుసలు తీసుకుందాం. శంషాబాద్ నుంచి గన్నవరం 265 కిలోమీటర్లు, 800తో భాగిస్తే 20 నిమిషాలు. టికెట్ మీద ఉండేది గంట. శంషాబాద్ నుంచి ఢిల్లీ 1,260 కిలోమీటర్లు, భాగిస్తే గంటా 35 నిమిషాలు. టికెట్ మీద రెండుంపావు గంటలు, అటూ ఇటూగా. విశాఖకు తేడా సగటున 40 నిమిషాలు, గన్నవరానికి 40, ఢిల్లీకి 40. దూరం అయిదు రెట్లు పెరిగినా తప్పు పెరగలేదు. కదలడానికీ, ఎక్కడానికీ, దిగడానికీ, ఆగడానికీ పట్టే అదనపు సమయం దూరంతో నిమిత్తం లేకుండా ఒక్కటే కావడం దీనికి కారణం. కనుక మీ పట్టిక వేసే ఉద్యోగి ఆ భాగహారాన్ని వదులుకోనక్కర్లేదు. వచ్చినదానికి నలభై నిమిషాలు కలిపితే దేశంలోపలి జెట్ విమానాల వరకు దాదాపు సరిపోతుంది. ఢిల్లీ ప్రయాణికుడికి ఈ పొరపాటు మూడో వంతు కంటే తక్కువ, గన్నవరం ప్రయాణికుడికి మాత్రం అసలు సమయంలో మూడింట రెండు వంతులు మాయమైనట్టే. దగ్గరి ఊళ్లకే పట్టిక ఎక్కువగా మోసం చేస్తోంది. మీ పాఠకులు ఎక్కువగా తిరిగేదీ ఆ దగ్గరి ఊళ్లకే.

ఈ విషయంలో ప్రభుత్వానికి మొదటి నుంచీ స్పష్టత ఉంది. 2016లో ప్రకటించిన ఉడాన్ పథకంలో రాయితీ టికెట్‌కు 2,500 రూపాయల పరిమితి పెట్టినప్పుడు, "సుమారు గంట ప్రయాణం, దాదాపు 500 కిలోమీటర్లు" అన్నదే ప్రమాణంగా తీసుకున్నారు. 2017 ఏప్రిల్ 27న ఆ పథకం కింద మొదటి విమానాలు ఎగిరిన రోజునే కడప–హైదరాబాద్ సర్వీసు కూడా మొదలైంది. అయిదు వందల కిలోమీటర్లకు గంట అని ప్రభుత్వ పత్రాల్లోనే ఉండగా 38 నిమిషాలనడం ఎవరి లెక్క?

విమానం రకాన్ని బట్టి కూడా తేడా ఉంది. వెనక తలుపు నుంచి నాలుగు మెట్లెక్కి కూర్చునే ఏటీఆర్ విమానాలు, రెక్కలకు పంఖాలున్నవి, గంటకు అయిదు వందల కిలోమీటర్ల వేగానికి అటూ ఇటూగా పోతాయి. చిన్న ఊళ్ల విమానాశ్రయాలకు ఎక్కువగా తిరిగేవి అవే. వాటిని 800తో భాగించడమంటే ఎక్స్‌ప్రెస్ బస్సుకు కారు వేగం అంటగట్టడమే. గాలి సంగతి మరొకటి. చలికాలంలో పైన పడమటి గాలులు వీస్తాయి కనుక విశాఖకు వచ్చేటప్పుడు నాలుగు నిమిషాలు కలిసొస్తే, తిరిగి వెళ్లేటప్పుడు అవే పోతాయి. నైరుతి రుతుపవనాల కాలంలో దక్షిణ భారతం మీద చాలా ఎత్తున తూర్పు నుంచి బలమైన గాలి ప్రవాహం నడుస్తుంది. దాన్ని 1950లలో వివరించి ప్రపంచ వాతావరణ శాస్త్రానికి అందించినవారు, తరువాత భారత వాతావరణ శాఖకు అధిపతి అయిన పి. కోటేశ్వరం గారు. అయిదు వందల కిలోమీటర్ల దారిలో గాలి ప్రభావం నిమిషాల్లోనే ఉంటుంది కాబట్టి దాని గురించి ఇంతకు మించి రాయను.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మొన్న మా బావమరిది కూతురి పెళ్లి హైదరాబాద్ ఉత్తర కొసన కొంపల్లిలో జరిగింది. ముహూర్తం పగలు 10 గంటల 46 నిమిషాలు. మేమంతా రెండు రోజుల ముందే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లిపోయాం. మా తోడల్లుడు గారికి విశాఖలో పని తెగక పెళ్లిరోజు ఉదయం 8.35 విమానానికి టికెట్ తీసుకున్నారు. టికెట్ మీద 9.55కు చేరుతుందని స్పష్టంగానే ఉంది. కానీ ఆయన జేబులో మీ ఆదివారం పేజీ కత్తిరింపు కూడా ఉంది. "విమానం పోయేది 38 నిమిషాలేనట, మిగతాది కంపెనీవాళ్లు జాగ్రత్తకు వేసుకున్నది, తొమ్మిదింబావుకల్లా దిగుతాను, పదిన్నరకు మండపంలో ఉంటాను" అని ముందు రోజు రాత్రి ఫోన్‌లో నాతో అన్నారు. నేను వద్దన్నాను, రైలుకే రమ్మన్నాను. పెద్దమనిషి, చదువుకున్నవాడు, పత్రికలో అచ్చయిన అంకె ముందు నా మాట చెల్లలేదు. ఆయన మండపం మెట్లెక్కేసరికి జీలకర్ర బెల్లం, తలంబ్రాలు అన్నీ అయిపోయి రెండో బంతి భోజనాలు వడ్డిస్తున్నారు. మేనమామలు, మేనత్తలు ఉండాల్సిన చోట ఆయన కుర్చీ ఖాళీగా ఉండిపోయిందని మా మరదలు ఇప్పటికీ అంటోంది.

తప్పు ఎక్కడ జరిగిందో తేల్చుకుందామని, పదహారు రోజుల పండుగకు నేను అదే 8.35 విమానంలో వెళ్లి, జేబులో చిన్న నోటు పుస్తకం పెట్టుకుని ప్రతి మజిలీ దగ్గరా గడియారం చూసి రాసుకున్నాను. సీతమ్మధారలోని ఇంటి నుంచి ఆటోలో బయల్దేరింది 6.20. ఎన్ఏడీ కూడలి దాటి విమానాశ్రయం గుమ్మం ముందు దిగింది 6.50. పెట్టె ఇచ్చి, భద్రతా తనిఖీ ముగించుకుని లోపల కుర్చీలో కూర్చునేసరికి 7.20. చెక్ఇన్ గంట ముందే మూసేస్తారు, గేటు 25 నిమిషాల ముందు మూసేస్తారు కనుక ఇంతకంటే ఆలస్యంగా ఇల్లు కదిలే ధైర్యం నాకు లేదు. విమానం కదిలింది 8.31. చక్రాలు నేల విడిచింది 8.42. శంషాబాద్‌లో నేల తాకింది 9.38. గేటు దగ్గర ఆగింది 9.47. బెల్టు మీద నా పెట్టె వచ్చేసరికి 10.15, తాడు కట్టిన పెట్టె కావడంతో దూరం నుంచే గుర్తుపట్టాను. బయట కారు దొరికి కదిలింది 10.35. నగరం ఈ చివర నుంచి ఆ చివర దాకా పోయి కొంపల్లిలో మా బావమరిది గుమ్మం ఎక్కింది 12.05.

ఈ అంకెలను కాసేపు చూడండి. గాలిలో ఉన్నది 56 నిమిషాలు. విమానం తలుపుల మధ్య గడిపింది, అడ్డుదిమ్మ నుంచి అడ్డుదిమ్మకు, గంటా 16 నిమిషాలు. టికెట్ మీద వేసినదానికి నాలుగు నిమిషాలు తక్కువే, విమాన సంస్థను అనడానికేమీ లేదు. గుమ్మం నుంచి గుమ్మానికి పట్టింది అయిదు గంటల 45 నిమిషాలు. ఇందులో ఆకాశం వాటా ఆరో వంతు. దించిన పెట్టె కోసం నిల్చున్న 28 నిమిషాల్లో, అదే వేగంతో ఎగిరి ఉంటే విశాఖ దారిలో సగం దూరం పోయి ఉండేవాణ్ణి. తిరుగు ప్రయాణంలో సముద్రం మీదికి పోయి వెనక్కి తిరిగే మలుపు వల్ల గాలిలో 62 నిమిషాలయింది. మిగతా లెక్క ఇంచుమించు ఇంతే.

బేగంపేట రోజులు గుర్తున్నవారికి ఈ లెక్క మరోలా తగులుతుంది. 2008 మార్చి 23న విమానాలన్నీ శంషాబాద్‌కు మారేదాకా హైదరాబాద్ విమానాశ్రయం ఊరి నడుమనే ఉండేది. బేగంపేట నుంచి విశాఖకు విమాన దూరం 506 కిలోమీటర్లు, శంషాబాద్ నుంచి 512. మీ పట్టికలాంటిది ఆ రోజుల్లో ఉంటే ఆ మార్పు వల్ల ప్రయాణం అర నిమిషం పెరిగిందని చూపేది. కొంపల్లివారికి మాత్రం పన్నెండు పదమూడు కిలోమీటర్ల దారి సుమారు యాభై అయింది. మెహిదీపట్నం నుంచి 2009లో పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వంతెన తెరవడంతో, ఆపైన ఔటర్ రింగు రోడ్డుతో కొందరికి భారం తగ్గింది. విమానాశ్రయం అంత దూరాన కట్టడం తప్పని నేననడం లేదు. బేగంపేటలో రన్‌వే పెంచే చోటు లేదు. శంషాబాద్‌లో నాలుగు కిలోమీటర్లకు పైగా పొడవున్న రన్‌వే ఉంది కనుకనే పెద్ద విమానాలు సముద్రాలు దాటుతున్నాయి. నా ఫిర్యాదు దూరం మీద కాదు, ఆ దూరాన్ని చెప్పకుండా దాచే అంకె మీద.

విశాఖ వైపు ఇదే కథ మళ్లీ నడుస్తోంది. ఇక్కడి పౌర విమానాలను భోగాపురం విమానాశ్రయానికి మార్చాలన్నది దాని నిర్మాణం వెనుక ఉన్న నిర్ణయం. భోగాపురం విజయనగరం జిల్లాలో, విశాఖ నగరానికి సుమారు 45 కిలోమీటర్ల దూరంలో, శ్రీకాకుళం వెళ్లే జాతీయ రహదారి పక్కన ఉంది. శంషాబాద్ నుంచి అక్కడికి విమాన దూరం, నా పెన్సిల్ లెక్క ప్రకారం, సుమారు 545 కిలోమీటర్లు. ఇప్పటికంటే 33 కిలోమీటర్లు ఎక్కువ. మీ భాగహారంతో చూస్తే రెండున్నర నిమిషాలు. అదే ముప్పై నలభై కిలోమీటర్లు నేలమీద, మద్దిలపాలెం, మధురవాడ, ఆనందపురం కూడళ్ల ట్రాఫిక్ మీదుగా, సీతమ్మధార నుంచి గంటకు పైమాటే. గాజువాక నుంచి, స్టీల్‌ప్లాంటు నుంచి, అనకాపల్లి నుంచి ఇంకా ఎక్కువ. విజయనగరం, శ్రీకాకుళం వాసులకు మాత్రం ఇది మేలు. ఇన్నేళ్లూ విశాఖ నగరమంతా ఈదుకుంటూ విమానాశ్రయానికి వచ్చినవారు ఇక ఆ పని తప్పించుకుంటారు. వారిది న్యాయమైన లాభం, మాకు అసూయ లేదు. అయితే "హైదరాబాద్–విశాఖ" అన్న ఒక్క వరుస ఈ ఇద్దరిలో ఎవరి ప్రయాణాన్ని చెబుతున్నట్టు? ఒకరికి గంట తగ్గి మరొకరికి గంట పెరిగిన చోట, పట్టికలో 38 పోయి 41 వస్తుంది, అంతే.

విదేశాల వరుసల గురించి ఒక్క మాట. హైదరాబాద్–డల్లాస్‌కు కూడా మీరు ఒక సమయం వేశారు. మన పిల్లలు అంతమంది ఉన్న ఊరు గనుక వేసి ఉంటారు. అక్కడికి హైదరాబాద్ నుంచి ఆగకుండా పోయే విమానమే లేదు; దోహాలోనో దుబాయిలోనో మరెక్కడో దిగి, మూడు గంటలో ఏడు గంటలో కాచుకుని, మరో విమానం ఎక్కాలి. లేని విమానానికి సమయం లెక్కగట్టి, మొదటిసారి మనవడి దగ్గరకు వెళ్లే ఏ మామ్మగారినో కంగారు పెట్టవద్దని మనవి. బిగించిన దారానికి దేశాల సరిహద్దులు కూడా తెలియవు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేశాక, ఢిల్లీ నుంచి ఐరోపాకూ అమెరికాకూ పోయే మన సంస్థల విమానాలు చుట్టు తిరిగి గంటా అంతకు మించీ ఎక్కువసేపు ఎగరాల్సి వచ్చింది. నగరాల మధ్య విమాన దూరం ఒక్క మీటరైనా మారలేదు.

కాబట్టి నా విన్నపం ఇది. ఆ పట్టికను తీసేయమనడం లేదు. చాలామంది కత్తిరించి దాచుకుంటున్నారని మా తోడల్లుడు గారి ఉదంతమే చెబుతోంది. నగరం పేరుతో పాటు విమానాశ్రయం పేరు కూడా వేయండి. నిమిషాల గడిలో మీ భాగహారం బదులు, టికెట్ల మీద ఉండే సమయాన్ని రెండు మూడు సర్వీసులు చూసి అక్కడి నుంచే తీసుకుని వేయండి. ఆ పక్కన ఒక చిన్న గడి పెంచి, విమానాశ్రయం నుంచి ఊళ్లోని బస్టాండుకో రైల్వే స్టేషనుకో రోడ్డు దూరమెంతో రాయండి. శంషాబాద్ నుంచి సికింద్రాబాద్ స్టేషన్‌కు, గన్నవరం నుంచి విజయవాడ బస్టాండుకు, మధురపూడి నుంచి రాజమహేంద్రవరానికి, రేణిగుంట నుంచి తిరుపతికి. ఇవన్నీ మీ విలేకరులు ఒక్కపూటలో సేకరించగలిగినవే. నేల మీది సమయం వేయమని అడగను, అది వారాన్ని బట్టీ, వానను బట్టీ మారుతుంది. దూరం తెలిస్తే ఎవరి ఊరి ట్రాఫిక్ సంగతి వారికి తెలుసు.

విశాఖ వరుస వరకు కావాలంటే నా నోటు పుస్తకంలోని రెండు పేజీల నకలు పంపుతాను. వచ్చే ఆదివారం లోపు ఆ 38ని సవరిస్తే మరీ మంచిది. మాఘమాసం ముహూర్తాలు ఇంకా మిగిలే ఉన్నాయి, కొంపల్లిలో మండపాలూ ఉన్నాయి.

ఇట్లు,
విశ్రాంత గణిత అధ్యాపకుడు,
సీతమ్మధార, విశాఖపట్నం